తూర్పు తప్పిన మాట

‘డిసోరియెంటెడ్’ అనే ఆంగ్ల విశేషణానికి తెలుగు నిఘంటువులు సాధారణంగా ఇచ్చే అర్థాలు దిక్కు తోచని, తికమకపడిన, అయోమయంలో ఉన్న అనేవి. ఇవేవీ తప్పు కావు గానీ, వీటిలో ఏది ఎప్పుడు సరిపోతుందో తెలియకుండా వాడితే ఆ మాట చెప్పదలచిన స్థితి పాఠకుడికి అందదు. ఒక మనిషి తానెక్కడ ఉన్నాడో, ఏ వైపు తిరిగి ఉన్నాడో, అది ఏ పూటో, ఎదుట నిలుచున్నది ఎవరో గుర్తు పట్టలేని స్థితిలో ఉన్నప్పుడు ఆంగ్లం అతన్ని ఆ విశేషణంతో వర్ణిస్తుంది. అంటే అది తెలివితక్కువతనాన్నీ చెప్పదు, దుఃఖాన్నీ చెప్పదు. చుట్టూ ఉన్న లోకంలో తన స్థానాన్ని మనసు పోగొట్టుకోవడాన్ని చెబుతుంది.

ఆ మాట నడుమ దాగి ఉన్నది తూర్పు దిక్కు. లాటిన్‌లో ‘ఓరియెన్స్’ అంటే ఉదయిస్తున్నది అని అర్థం. సూర్యుడు ఉదయించే వైపు కాబట్టి అదే తూర్పుకు పేరైంది. మధ్యయుగపు ఐరోపాలో క్రైస్తవ ప్రార్థనాలయాలను బలిపీఠం తూర్పున ఉండేటట్లు కట్టేవారు, పటాల్లో కూడా చాలావాటిని తూర్పు పైకి వచ్చేటట్లు గీసేవారు. 1300 ప్రాంతంలో గీసిన హెయర్‌ఫర్డ్ ప్రపంచ పటంలో ఇప్పటికీ తూర్పే పైన కనిపిస్తుంది. తూర్పు ఎటో తేల్చుకుంటే తక్కిన మూడు దిక్కులూ వాటంతటవే తేలుతాయి కనుక, తూర్పుకు తిప్పడమనే క్రియ ఫ్రెంచిలో సరైన వైపు నిలపడం, దారి తెలపడం అనే అర్థాలకు విస్తరించింది. దానికి లేమిని సూచించే ‘డిస్’ అనే ఉపసర్గ, అంటే మాటకు ముందు చేరి అర్థాన్ని మార్చే ముక్క, తోడై పదిహేడో శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చింది. కాబట్టి మాటకు మాట చెప్పుకుంటే డిసోరియెంటెడ్ అయిన మనిషి తూర్పు పోగొట్టుకున్న మనిషి. కళాశాలల్లో కొత్త విద్యార్థులకు మొదటి వారం పెట్టే ‘ఓరియెంటేషన్’ తరగతి కూడా ఈ కుటుంబంలోనిదే. ఆ విద్యార్థి ముఖాన్ని తూర్పుకు తిప్పడమే దాని మూలార్థం.

భారతీయ భాషలకు ఈ ఊహ కొత్తది కాదు. సంస్కృతంలో ‘ప్రాచి’ అంటే తూర్పు, ముందున్నది అని కూడా అర్థం; ‘పశ్చిమం’ అంటే వెనుకనున్నది; ‘దక్షిణం’ అంటే కుడివైపు. మనిషి పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా నిలబడితే ముందు తూర్పు, వీపు వెనుక పడమర, కుడిచేతి వైపు దక్షిణం వస్తాయి కాబట్టి ఆ పేర్లు అలా కుదిరాయి. ప్రదక్షిణం చేసేటప్పుడు దేవుణ్ణి కుడివైపున ఉంచుకుని తిరగడంలో ఉన్నదీ ఆ దక్షిణమే. ఓరియెంటల్ కళాశాలలను తెలుగులో ప్రాచ్య కళాశాలలు అన్నప్పుడు, హైదరాబాదులోని తాళపత్రాల నిలయాన్ని ప్రాచ్య లిఖిత భాండాగారం అన్నప్పుడు లాటిన్ తూర్పూ సంస్కృతపు తూర్పూ ఒకే మాటలో కలుసుకున్నాయి. అందువల్ల ‘దిగ్భ్రమ’, ‘దిఙ్మూఢుడు’ అనే మాటలు డిసోరియెంటెడ్‌కు అనువాదాలుగా పుట్టినవి కావు. దిక్కుల విషయంలో మనసు భ్రమపడటం అనే అనుభవానికి ఈ దేశం సొంతంగా పెట్టుకున్న పేర్లు.

తెలంగాణ ఉత్తరపు కొసన, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్న కాగజ్‌నగర్‌ను దృష్టిలో పెట్టుకుని ఈ మాటను పరిశీలిస్తే దాని లోతు మరింత బాగా తెలుస్తుంది. ఇక్కడ పల్లెల్లో తూర్పును పొద్దు పొడిచే దిక్కు అనీ, పడమరను పొద్దు గూకే దిక్కు అనీ అంటారు. దారిని తొవ్వ అంటారు; దారి మరిచినవాడు ‘తొవ్వ దప్పిండు’. ఊరి మీదుగా సాగే రైలు మార్గానికి దక్షిణాన కాజీపేట, ఉత్తరాన బల్లార్షా ఉన్నాయి. గుడిలో మూలవిరాట్టు సాధారణంగా తూర్పుకు చూస్తుంటే, మసీదులో నమాజు చేసేవారు మక్కా ఉన్న పడమటి దిక్కుకు తిరిగి నిలుస్తారు. ఎవరి ముఖం ఎటున్నా ఇద్దరికీ తామున్న చోటి నుంచి దిక్కు తెలియడమే ప్రధానం. భూమి కొన్న కాగితంలో నాలుగు వైపుల హద్దులు రాయనిదే ఆ కాగితం నిండదు. ఇల్లు కట్టినా, పొయ్యి పెట్టినా, పడుకునేటప్పుడు తల ఎటు పెట్టాలో చెప్పినా దిక్కుల ప్రస్తావన లేకుండా తెలుగు ఇంట్లో రోజు గడవదు. ఇంతగా దిక్కుల్లో బతికే సమాజానికి దిక్కు తప్పడం అనేది చిన్న సంగతి కాదు.

వాడుక విషయానికి వస్తే, డిసోరియెంటెడ్ అనే విశేషణాన్ని ఆంగ్లంలో సాధారణంగా మనుషులకూ జంతువులకూ చేరుస్తారు, వస్తువులకు చేర్చరు. అనుభవించేవారికి ‘డిసోరియెంటెడ్’, ఆ అనుభవాన్ని కలిగించేదానికి ‘డిసోరియెంటింగ్’ అనే రూపం వాడాలి. తెలుగు మాధ్యమంలో చదివి ఆంగ్లం నేర్చుకునేవారు ఈ రెండింటినీ తరచూ తారుమారు చేస్తారు గానీ, తెలుగులో ఇదే భేదాన్ని ‘పడు’, ‘పెట్టు’ అనే రెండు క్రియలు ఏ మాత్రం పొరపాటు లేకుండా చూపిస్తాయి. తికమకపడిన ప్రయాణికుడు, తికమకపెట్టే కూడలి. కంగారుపడిన పిల్ల, కంగారుపెట్టే వార్త. ఇబ్బందిపడే మనిషి, ఇబ్బందిపెట్టే పని. పడేవాడికి ‘ఎడ్’, పెట్టేదానికి ‘ఇంగ్’ అని ఒక్కసారి గుర్తు పెట్టుకుంటే చాలు, బడిపిల్లవాడికి సైతం ఈ విశేషణాల జంటలన్నీ లొంగుతాయి. వ్యాకరణ పుస్తకాలు ఈ పోలికను ఎందుకు వాడుకోవో అర్థం కాదు. బ్రిటిష్ వారిలో చాలామంది ‘డిసోరియెంటేటెడ్’ అని కొంచెం పొడుగ్గా అంటారు, అమెరికన్లు పొట్టి రూపాన్నే వాడతారు. అర్థంలో తేడా లేదు, రెండూ ఒప్పే.

పొరుగు మాటలతో పోల్చినప్పుడే ఏ మాటకైనా హద్దులు తెలుస్తాయి. ‘కన్‌ఫ్యూజ్డ్’ అనే మాటకు మూలం లాటిన్‌లో కలిపి పోయడం అనే క్రియ. విడివిడిగా ఉండవలసినవి ఒకదానిలో ఒకటి కలిసిపోయిన స్థితి అది. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట కలగాపులగం. బియ్యమూ పెసరపప్పూ కలిపి వండే పులగం అందులో కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. లెక్క అర్థం కాని విద్యార్థి కన్‌ఫ్యూజ్ అవుతాడు గానీ, తాను ఏ బడిలో కూర్చున్నాడో అతనికి తెలుసు కనుక డిసోరియెంటెడ్ కాడు. ‘డిజీ’ అంటే కళ్ళు తిరగడం. అది శరీరం పడే బాధ. కళ్ళు తిరిగినవాడికి తానెక్కడున్నాడో తెలిసే ఉండవచ్చు, స్థలం మరిచినవాడికి కళ్ళు తిరగకపోవచ్చు. ఉర్దూ నుంచి తెలంగాణ నోటికి అలవాటైన పరేషాన్ అనే మాట పారసీకంలో చెల్లాచెదురైనది అనే అర్థంతో మొదలై, ఇక్కడ ఆందోళనకూ ఇబ్బందికీ పేరుగా స్థిరపడింది.

వీటన్నిటికన్నా కాగజ్‌నగర్‌కు దగ్గరగా వచ్చే ఆంగ్ల విశేషణం ‘బివిల్డర్డ్’. అందులో ఉన్నది అడవి. దారీ జాడా లేని అడవిలో మనిషిని తప్పిపోయేలా చేయడం అనేది దాని తొలి అర్థం. అడవికి ఆంగ్లంలో ఉన్న ‘విల్డర్నెస్’ అనే మాట పాత ఆంగ్లంలోని అడవి మృగం అనే మాట నుంచి వచ్చింది. ఇప్పుడు జింకను సూచించే ‘డీర్’ ఆ రోజుల్లో ఏ జంతువుకైనా పేరు. సంస్కృతంలో ‘మృగం’ కూడా ఇలాగే జంతువు అనే విశాలమైన అర్థంతో ఉండి, జింక అనే అర్థాన్ని కూడా పొందింది. అంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి, మార్గం అనే మాటను మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు మృగంతోనే ముడిపెట్టి, అడవి జంతువు నడిచిన జాడ అనే అర్థాన్ని చెప్పడం. మనిషికి దారి తప్పించే అడవే, మృగం నడిచిన జాడ రూపంలో మనిషికి దారి అనే మాటను ఇచ్చిందన్నమాట.

ఈ సంగతి తెలిశాక, కాగజ్‌నగర్ అడవుల్లో పులి కనిపించిన ప్రతిసారీ ‘దారితప్పి వచ్చిన పులి’ అని రాసే అలవాటును సరిదిద్దుకోవడం అవసరమనిపిస్తుంది. మహారాష్ట్రలోని తాడోబా అభయారణ్యం నుంచి తెలంగాణలోని కవ్వాల్ అభయారణ్యం వైపు పులులు సాగే దారిలో కాగజ్‌నగర్ అటవీ డివిజన్ ఉంది. తల్లిని విడిచిన పడుచు పులి తనకంటూ ఒక ఆవరణను వెతుక్కుంటూ నదులు దాటి వస్తుంది. నీడ, నీరు, వేట దొరికే వాగుల వెంట నడుస్తుంది. అది బివిల్డర్డ్ కాదు, డిసోరియెంటెడ్ అసలే కాదు. ఏ తరం నుంచో పులులు నడిచిన ఆ జాడకు అడ్డంగా రోడ్డూ చేనూ వచ్చాయి, అంతే. తొవ్వ తప్పిందని పులి మీద నింద వేసేటప్పుడు, ఆ తొవ్వ ఎవరిదో ఒకసారి ఆలోచించడం న్యాయం.

తెలుగు మాటల్లోనూ అర్థం దారి మారిన సందర్భం ఉంది. దిక్కుల భ్రాంతి అనే అర్థంతో పుట్టిన ‘దిగ్భ్రాంతి’ ఇప్పుడు పత్రికా భాషలో ప్రమాదం జరిగినప్పుడు నాయకులు వ్యక్తం చేసే విచారానికి పేరుగా మిగిలింది. ఘోర వార్త విన్న మనిషికి ఒక్క క్షణం ఎటు కదలాలో తెలియకపోవడం నిజమే కనుక ఈ మార్పుకు ఆధారం లేకపోలేదు. కానీ ప్రతి సంతాప ప్రకటనలోనూ దిగ్భ్రాంతి వ్యక్తమై వ్యక్తమై, ఆ మాటలోని దిక్కు పూర్తిగా అరిగిపోయింది. ఫలితంగా, దిక్కు మరిచిన రోగిని వర్ణించవలసిన వైద్యుడికిగానీ, దారి తప్పిన ప్రయాణికుణ్ణి వర్ణించవలసిన రచయితకుగానీ ఆ మాట పనికిరాకుండా పోయింది.

దిక్కు అనే చిన్న మాటకు తెలుగులో ఉన్న రెండో అర్థం, ఆంగ్లపు తూర్పులో ఎంత వెతికినా దొరకనిది. దిక్కు అంటే వైపు; దిక్కు అంటే ఆసరా కూడా. ‘దేవుడే దిక్కు’ అన్నప్పుడు దేవుడు ఏ వైపున్నాడో చెప్పడం లేదు. దిక్కులేని పిల్లలు, దిక్కూమొక్కూ లేని ముసలితనం, ఎవరు దిక్కు అనే ప్రశ్న. ఇవన్నీ ఆశ్రయం గురించినవే. దిక్కు తెలియనివాడు దారి అడిగి ఇంటికి చేరతాడు, దిక్కు లేనివాడికి చేరడానికి ఇల్లే ఉండదు. ఒకే మాటలో ఈ రెండు అర్థాలూ ఇమిడిపోవడం వల్ల ‘దిక్కు తోచడం లేదు’ అన్న వాక్యంలో దారి తెలియకపోవడమూ, ఆదుకునేవారు కనిపించకపోవడమూ కలిసి వినిపిస్తాయి. డిసోరియెంటెడ్‌ను తెలుగులోకి తెచ్చే రచయిత మొదట తేల్చుకోవలసింది ఈ రెంటిలో ఏది పోయిందన్నదే.

కాగజ్‌నగర్ మండలంలో ఈ రెండో అర్థానికి సజీవమైన నిదర్శనం ఉంది. దేశ విభజనతో తూర్పు బెంగాల్ పాకిస్తాన్‌లో భాగమైన తర్వాత అక్కడి నుంచి తరలివచ్చిన హిందూ కుటుంబాలలో కొన్నింటికి ప్రభుత్వం ఈ మండలంలోని ఈస్‌గాం పరిసరాల్లో పునరావాసం కల్పించింది. అక్కడి నజ్రుల్‌నగర్ పేరు వినగానే బెంగాలీ కవి కాజీ నజ్రుల్ ఇస్లాం గుర్తుకు వస్తాడు. నీళ్ళ నడుమ పుట్టి పెరిగిన మనుషులు ఎండకు పేరుమోసిన ఈ అడవి నేలకు వచ్చి, భాష తెలియని అంగడిలో బేరమాడి, తెలియని మట్టిలో పంట వేసి నిలదొక్కుకున్నారు. వారు పోగొట్టుకున్న ప్రాంతం పేరులోనే తూర్పు ఉండటం, ఆంగ్ల విశేషణపు అక్షరార్థం వారి చరిత్రలో అక్షరాలా నిజం కావడం ఎవరూ కల్పించలేనంత ఖచ్చితంగా కుదిరింది.

అటువంటి వారికి తెలుగు పుస్తకాలు వాడే మాట ‘కాందిశీకుడు’. వినడానికి ఏదో జాతి పేరులా ధ్వనించే ఈ మాట నిజానికి ఒక ప్రశ్న. ‘కాం దిశం’ అంటే ఏ దిక్కుకు అని. ఏ దిక్కుకు పోవాలి అని తనను తాను అడుగుకుంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. భయంతో పారిపోయినవాడు అనే అర్థాన్ని దీనికి అమరకోశమే చెప్పింది. ఏం చేయాలి అనే ప్రశ్న నుంచి ‘కింకర్తవ్యతా విమూఢుడు’ అనే మాట పుట్టినట్లే, ఎటు పోవాలి అనే ప్రశ్న నుంచి ఇది పుట్టింది. ఆంగ్లంలో శరణార్థికి వాడే ‘రెఫ్యూజీ’ అనే మాట అతను వెతికే ఆశ్రయాన్ని చూస్తుంది; కాందిశీకుడు అనే మాట అతని కాళ్ళ కింద చీలిపోయిన దారులను చూస్తుంది. డిసోరియెంటెడ్ అనే విశేషణానికి దాని బరువంతా మోయగల తెలుగు నామవాచకం ఏదైనా ఉంటే అది ఇదే. ఇంతటి మాటను వార్తల్లో ‘శరణార్థి’కి తోవ ఇచ్చి పక్కన పెట్టేయడం భాషకు జరిగిన నష్టం.

ఊరి కాగితపు మిల్లు చరిత్ర కూడా దిక్కుకున్న ఈ రెండో అర్థాన్ని తలపిస్తుంది. వెదురు అడవుల చెంత, కొత్తపేట అనే పల్లెలో 1938లో నెలకొల్పిన సిర్పూర్ పేపర్ మిల్స్ 1942లో ఉత్పత్తి ప్రారంభించింది. కాగితాన్ని ఉర్దూలో కాగజ్ అంటారు కాబట్టి ఊరు కాగజ్‌నగర్ అయింది. 2014 సెప్టెంబరులో మిల్లు ఆగిపోయి, 2018లో జేకే పేపర్ చేతికి వెళ్ళి తిరిగి నడిచేవరకు, ఊరు తన పేరుకు కారణమైన పని లేకుండా ఉండిపోయింది. తూర్పు ఎటో మరచిన కార్మికుడు ఒక్కడూ ఉండడు, అయినా వేల కుటుంబాలకు దిక్కు తోచని రోజులు అవి. ఆంగ్లంలోనూ ఉద్యోగం పోయినవారిని, ఆప్తులను కోల్పోయినవారిని ఆలంకారికంగా డిసోరియెంటెడ్ అనడం ఉంది. అటువంటిచోట ‘తికమకపడిన’ అని అనువదిస్తే వాక్యం చిన్నబోతుంది, ‘దిక్కు తోచని’ అంటేనే నిలబడుతుంది.

సరదాగా అక్షరార్థానికి దగ్గరగా ఉండే తికమక కూడా ఈ ప్రాంతంలో లేకపోలేదు. రైల్వే స్టేషను పేరు సిర్పూర్ కాగజ్‌నగర్. దాని తర్వాత ఉత్తరాన మరో సిర్పూర్ ఉంది, మండలం పేరు సిర్పూర్ (టి). అదే జిల్లాలో వేరొకచోట సిర్పూర్ (యు) మండలం ఉంది. కొత్తవారికి బ్రాకెట్లోని ఒక్క అక్షరమే దిక్కు.

వైద్యంలో డిసోరియెంటెడ్ అనే విశేషణం అలంకారం కాదు, కొలత. రోగి స్పృహలో ఉన్నాడా అని చూసిన తర్వాత, అతనికి కాలం, స్థలం, మనుషులు అనే మూడు విషయాల్లో ఎరుక ఉందో లేదో వైద్యుడు ప్రశ్నలతో తెలుసుకుంటాడు. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి రూపొందించిన, ప్రపంచమంతా వాడిన చిన్న మానసిక పరీక్షలో మొత్తం 30 మార్కులైతే, అందులో 10 ఈ ఎరుకకే. కాలానికి 5, స్థలానికి 5. మతిమరుపు వ్యాధుల్లో ఈ ఎరుక సాధారణంగా ఒక వరుసలో జారిపోతుంది. మొదట తేదీ, వారం పోతాయి. తర్వాత ఉన్న చోటు పోతుంది. చివరకు మనుషులు పోతారు. మెదడులో చోటును గుర్తుపట్టే కణాలను 1971లో జాన్ ఓకీఫ్ కనుగొన్నాడు. స్థలాన్ని గళ్ళుగా కొలిచే కణాలను 2005లో మే బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ కనుగొన్నారు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి దక్కింది. అల్జీమర్స్ వ్యాధి తొలిదశలోనే దెబ్బతినేవి ఈ కణాలున్న ప్రాంతాలే కావడం వల్ల, నలభై ఏళ్ళు తిరిగిన వీధిలో పెద్దాయన ఇంటి మలుపు మరిచిపోవడాన్ని వయసు మీద నెట్టేయకూడదు.

పరీక్ష మంచిదైనా ప్రశ్న స్థానికం కాకపోతే ఫలితం తప్పుతుంది. కాగజ్‌నగర్ చుట్టుపక్కల పల్లెలో ఒక అవ్వను ఇంగ్లీషు తేదీ అడిగితే ఆమె చెప్పలేకపోవచ్చు. అది రోగం కాదు, ఆమె జీవితానికి ఆ తేదీ అక్కరకు రాలేదు. ‘అవ్వా, అంగడి ఎప్పుడైంది? పున్నమి పోయిందా, రావాల్నా? గిప్పుడు యాడున్నవ్?’ అని అడిగితే, ఆరోగ్యంగా ఉన్న అవ్వ మూడింటికీ జవాబు చెప్పి, ఎందుకడుగుతున్నావు బిడ్డా అని తిరిగి ప్రశ్నిస్తుంది. జవాబు చెప్పలేక, కొడుకును చచ్చిపోయిన తమ్ముడి పేరుతో పిలిస్తే అప్పుడు ఆలోచించాలి. ఇంటివారు వైద్యుడి దగ్గర డిసోరియెంటేషన్ అనే మాట ఎన్నడూ అనరు. ‘సోయి లేకుంట మాట్లాడుతుంది’, ‘ఆగమాగం జేస్తుంది’, ‘సోయి దప్పింది’ అంటారు. సోయి అనే తెలంగాణ మాట స్పృహ, ఎరుక, బాధ్యత అనే మూడింటినీ కలుపుకుంటుంది. సోయి పూర్తిగా పోవడానికీ, సోయి ఉండి ఎరుక తప్పడానికీ మధ్య ఉన్న తేడాను ఇంకొక ప్రశ్న వేసి తెలుసుకోవలసిన బాధ్యత వైద్యుడిది. ‘కళ్ళు తెరిచి చూస్తుందా? పిలిస్తే పలుకుతుందా? పలికితే మాట పొంతన ఉంటుందా?’ అని మూడు ముక్కలు అడిగితే సరిపోతుంది.

మతిమరుపు విషయంలో తెలుగు నేల ప్రపంచానికి ఇచ్చిన ఒక ముఖ్యమైన పరిశోధన ఉంది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే భాష మాట్లాడేవారితో పోలిస్తే రెండు అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. రెండు భాషలు వస్తే మతిమరుపు రాదని దీని అర్థం కాదు, ఆలస్యం అవుతుందని మాత్రమే. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, కొలామీ, బెంగాలీ ఒకే అంగట్లో వినిపించే కాగజ్‌నగర్ ప్రాంతంలో, బడికి పోకుండానే రెండు మూడు భాషలు పట్టుకున్న ముసలివారిని చదువు లేనివారని తక్కువ చేయడం ఎంత పొరపాటో దీన్నిబట్టి గ్రహించాలి.

మతిమరుపు ఏళ్ళ తరబడి మెల్లగా వస్తుంది. నిన్నటిదాకా చక్కగా ఉన్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి ఎరుక తప్పితే అది వేరే సంగతి. వైద్యులు దాన్ని డెలిరియం అంటారు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో చక్కెర పడిపోవడం, సోడియం తగ్గడం, కొన్ని మందులు దానికి కారణమవుతాయి. పొద్దున్న కొంత తేరుకుని పొద్దుగూకే వేళకు మళ్ళీ ఆగమాగం కావడం దాని గుణం. దీన్ని గాలి సోకిందని, చేతబడి జరిగిందని భావించి రోజులు పోగొట్టుకున్న కుటుంబాలు నష్టపోయేది నయం చేసుకోగల జబ్బు వల్లనే.

తెలంగాణలో ఎండలు అత్యధికంగా కాసే ప్రాంతాల్లో ఒకటైన ఈ జిల్లాకు మరీ దగ్గరైనది వడదెబ్బ. ఎండకు నీరసించి, చెమటలు పట్టి, కళ్ళు తిరిగిన మనిషి నీడలో కూర్చుని నీళ్ళు, ఉప్పు కలిపిన మజ్జిగ తాగితే తేరుకుంటాడు. శరీరపు లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి మెదడు దెబ్బతినడం మొదలైనప్పుడు వచ్చేదే అసలు వడదెబ్బ, ఆ రెంటినీ విడదీసే గీత డిసోరియెంటెడ్ అనే ఈ విశేషణమే. ఉపాధి పనిలోనో, తునికాకు తెంపుతూనో, ఇటుక బట్టీ దగ్గరో ఉన్న మనిషి పొంతన లేకుండా మాట్లాడితే, తానెక్కడున్నాడో చెప్పలేకపోతే, తోటివారిని గుర్తుపట్టకపోతే అతను తాగి ఉన్నాడని పక్కకు తప్పుకోకూడదు. ‘నీ పేరేంది, గిది ఏ ఊరు, నేనెవర్ని?’ అని ఆ మనిషిని మూడు ప్రశ్నలు అడగండి. ఒక్కదానికి తప్పు జవాబు వచ్చినా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూ ఉండండి. మింగే సోయి లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.